పాత హ్యాండ్‌హెల్డ్ కన్సోల్‌లో ఛార్జ్ నిలవట్లేదా? బ్యాటరీ పరీక్ష నుంచి మార్పిడి వరకు సమగ్ర మార్గదర్శి

కొన్న కొత్తలో నాలుగైదు గంటలు ఆడుకోనిచ్చిన కన్సోల్ ఇప్పుడు గంటన్నరకే ఎర్ర లైటు చూపిస్తుంటే చాలామంది రెండిట్లో ఒకటి చేస్తారు. చేతికి దొరికిన బ్యాటరీ కొని వేసేస్తారు, లేదంటే కన్సోల్‌ని డ్రాయర్‌లో పడేసి మర్చిపోతారు. రెండూ తొందరపాటే. ఛార్జ్ త్వరగా దిగిపోవడానికి మూడు వేర్వేరు కారణాలుంటాయి. బ్యాటరీ నిజంగానే ముసలిదై ఉండొచ్చు. బ్యాటరీ బాగానే ఉండి, తెర మీద చూపించే శాతం తప్పు కావచ్చు. లేదా కన్సోలే ఇదివరకటి కంటే ఎక్కువ కరెంటు తాగుతుండొచ్చు. మొదటిదానికి మాత్రమే కొత్త బ్యాటరీ మందు. ఏది మీ సమస్యో కొలిచి తెలుసుకోవాలి, ఆ కొలతకి కావలసింది ఒక గడియారం, ఒక కాగితం.

అన్నిటికంటే ముందు: బ్యాటరీ ఉబ్బిందా చూడండి

ఈ పని పూర్తయ్యేదాకా ఛార్జింగ్ పెట్టకండి. లిథియం అయాన్ బ్యాటరీ లోపల ఉండే ద్రవం ఏళ్ల తరబడి విచ్ఛిన్నమవుతూ గ్యాస్ తయారుచేస్తుంది. కొన్ని బ్యాటరీల్లో అది లోపలే పేరుకుని పొర ఉబ్బుతుంది.

కన్సోల్‌ని స్విచ్ ఆఫ్ చేసి చదునైన గాజు మీదో బల్ల మీదో వెల్లకిలా పెట్టండి. ఒక మూల వేలితో నొక్కితే రెండో మూల లేస్తోందా? పీఎస్‌పీలో అయితే వెనక బ్యాటరీ మూత సరిగా పట్టకపోవడం, తనంతట తనే ఊడి రావడం స్పష్టమైన గుర్తు. డీఎస్ లైట్‌లో మూత మధ్యలో కాస్త ఎత్తుగా తగులుతుంది. స్విచ్ లాంటి వాటిలో వెనక ప్యానెల్‌కీ అంచుకీ మధ్య సందు కనిపిస్తుంది, లేదా తెర ఒకవైపు పైకి లేస్తుంది. తీయడానికి వీలున్న బ్యాటరీ అయితే బయటికి తీసి బల్ల మీద పెట్టి వేలితో తిప్పండి. బాగున్న బ్యాటరీ బల్లకి అతుక్కుని కూర్చుంటుంది. ఉబ్బినది బొంగరంలా గుండ్రంగా తిరుగుతుంది.

ఉబ్బిందని తేలితే మిగతా పరీక్షలేవీ వద్దు. ఛార్జ్ చేయకండి, నొక్కి చదును చేయకండి, సూదితో పొడిచి గాలి తీయాలని అస్సలు చూడకండి, మంటలు అంటుకుంటాయి. తేలిగ్గా ఊడి వచ్చేదైతే తీసి, మెటల్ కాంటాక్టుల మీద టేపు అతికించి, మండే వస్తువులకి దూరంగా ఉంచి, పాత ఎలక్ట్రానిక్స్ తీసుకునే చోట ఇచ్చేయండి. లోపల జిగురుతో అంటించి ఉన్నదైతే మీరు ముట్టుకోకుండా అలవాటున్న రిపేర్ మనిషికి ఇవ్వడమే మంచిది. ఇక్కడ ధైర్యం చూపించాల్సిన అవసరం లేదు.

ఇప్పుడు కొలవండి

తెర మీద కనిపించే శాతం ఒక అంచనా మాత్రమే. బ్యాటరీలోకి ఎంత కరెంటు వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది అని లెక్కపెట్టే చిన్న చిప్ ఉంటుంది, ఆ లెక్కకి వోల్టేజ్‌ని జోడించి శాతం చెబుతుంది. బ్యాటరీ ముసలిదయ్యే కొద్దీ చిప్ లెక్క వాస్తవానికి దూరమవుతూ ఉంటుంది. అందుకే శాతాన్ని నమ్మకండి, సమయాన్ని నమ్మండి.

కన్సోల్‌తో పాటు వచ్చిన ఛార్జర్‌తోనే పూర్తిగా ఛార్జ్ చేయండి. ఫుల్ అని చూపించాక ఇంకో అరగంట అలాగే ఉంచండి. తర్వాత వెలుతురు సగానికి పెట్టండి, ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేయండి, తెర తనంతట తాను ఆరిపోయే సెట్టింగ్ తీసేయండి. మీరు మామూలుగా ఆడే గేమ్ ఒకటి పెట్టి ఆడండి. ప్రతి పది శాతానికీ టైమ్ రాసుకోండి. గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ, డీఎస్ లైట్ లాంటి వాటిలో శాతం కనిపించదు కాబట్టి, ఎర్ర లైటు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఆరిపోయింది, ఈ రెండూ రాసుకుంటే చాలు.

వచ్చిన అంకెల్ని ఎలా చదవాలో చెప్తాను. కాగితం మీద ఇలా ఉందనుకోండి: 4:00కి వంద, 4:20కి తొంభై, 4:41కి ఎనభై, అలా ఒకే వేగంతో దిగుతూ ఏడున్నరకి సున్నా. మూడున్నర గంటలు వచ్చింది, దిగడం సాఫీగా ఉంది. ఇది మామూలు వృద్ధాప్యం, లేదా కరెంటు ఎక్కువ వాడుతున్న కన్సోల్. ఇంకో రకం: ముప్పై దాకా బాగానే దిగి, గేమ్‌లో బరువైన సీన్ రాగానే ముప్పై నుంచి ఒక్కసారి ఆరిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే ఇరవై చూపిస్తుంది. బ్యాటరీ అంతర్గత నిరోధం పెరిగిపోయిందనడానికి ఇది గట్టి సూచన. ఛార్జ్ లోపలే ఉంది, కానీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే వోల్టేజ్ కుంగిపోయి కన్సోల్ ఆగిపోతోంది. ఇలాంటి బ్యాటరీ సెట్టింగ్‌లు మార్చినంత మాత్రాన బాగుపడదు. మూడో రకం నాకు ఇష్టమైనది, ఎందుకంటే ఖర్చు లేకుండా పోతుంది: అరగంటలో ఐదు శాతానికి పడిపోతుంది గానీ, ఆ ఐదు దగ్గరే గంటకి పైగా ఆడనిస్తుంది. అక్కడ బ్యాటరీ తప్పేమీ లేదు, లెక్క తప్పింది.

మీకొచ్చిన సమయాన్ని పోల్చుకోవడానికి అసలు లెక్క కావాలి. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌కి కంపెనీ చెప్పింది 2.5 నుంచి 6.5 గంటలు. 2019లో సవరించిన మోడల్‌కి, తర్వాత వచ్చిన ఓలెడ్ మోడల్‌కి 4.5 నుంచి 9 గంటలు, స్విచ్ లైట్‌కి 3 నుంచి 7. మొదటి 3డీఎస్‌కి 3డీఎస్ గేమ్‌లైతే 3 నుంచి 5 గంటలే. 2017 స్విచ్ ఉన్నవాళ్లు పక్కవాళ్ల 2019 మోడల్‌తో పోల్చుకుని తమ బ్యాటరీ పోయిందనుకోవడం తరచూ జరుగుతుంది. రెండిట్లోనూ బ్యాటరీ అదే 4310 ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత ఛార్జ్ పట్టుకోగలదో చెప్పే కొలత), మారింది లోపలి చిప్. 4310 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల దగ్గర దాదాపు 16 వాట్ అవర్లు. రెండున్నర గంటల్లో ఖాళీ అయితే కన్సోల్ సగటున 6.4 వాట్లు తీసుకుంటోందని అర్థం. పెద్ద గేమ్‌లో ఆ మోడల్‌కి అది సహజమే.

స్టీమ్ డెక్, విండోస్ హ్యాండ్‌హెల్డ్‌లు ఉన్నవాళ్లకి ఇంత శ్రమ లేదు. స్టీమ్ డెక్‌లో డెస్క్‌టాప్ మోడ్‌కి వెళ్లి ఇన్ఫో సెంటర్‌లో ఎనర్జీ విభాగం తెరిస్తే, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ నుంచి బ్యాటరీ రిపోర్ట్ తీస్తే, తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పట్టే సామర్థ్యం పక్కపక్కనే కనిపిస్తాయి. 40 వాట్ అవర్ల బ్యాటరీ ఇప్పుడు 31 చూపిస్తే 77 శాతం మిగిలిందన్నమాట. అయితే ఇదీ అదే చిప్ చెప్పే లెక్క, కాబట్టి గడియారం పరీక్ష ఒక్కసారైనా చేసి సరిచూసుకోండి.

కన్సోలే ఎక్కువ తాగుతోందా?

ముందు తెర. వెలుతురు పూర్తిగా పెట్టి ఆడే అలవాటు ఎన్నాళ్లుగానో ఉంటే, మధ్యకి దించడం వల్ల వచ్చే తేడా మీకే తెలుస్తుంది. 3డీఎస్‌లో పవర్ సేవింగ్ మోడ్ ఉంది, త్రీడీ స్లైడర్ దించితే ఇంకొంత మిగులుతుంది. తర్వాత వైర్‌లెస్: వైఫై, బ్లూటూత్, 3డీఎస్‌లో తనంతట తానే వైర్‌లెస్ వాడుకునే స్ట్రీట్‌పాస్, స్పాట్‌పాస్ ఫీచర్లు. వాడనప్పుడు ఆపేయండి.

స్లీప్‌లో పెట్టిన కన్సోల్ తెల్లారేసరికి పదిహేను ఇరవై శాతం పోగొట్టుకుంటుంటే, ఒక రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి చూడండి. నష్టం తగ్గిందంటే, నిద్రలోనే అప్‌డేట్‌లు దించుకుంటోంది, ఆటో అప్‌డేట్ తీసేస్తే సరిపోతుంది.

ఫ్యాన్ ఉన్న కన్సోల్‌లో దుమ్ము కూడా ఒక కారణం. గాలి దారులు మూసుకుపోతే ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంది, చిప్ వేడెక్కుతుంది, వేడెక్కిన చిప్ అదే పనికి ఇంకాస్త ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, ఆ వేడంతా పక్కనే ఉన్న బ్యాటరీకి తగులుతుంది. మెత్తని బ్రష్‌తో గాలి దారులు శుభ్రం చేయండి. గాలి ఊదేటప్పుడు ఫ్యాన్ గిర్రున తిరగకుండా చూసుకోండి.

ఛార్జర్‌ని, కేబుల్‌ని కూడా అనుమానించాలి. రాత్రంతా పెట్టినా ఫుల్ అవ్వని కన్సోల్‌కి ఒక్కోసారి కేబుల్ మారిస్తే చాలు. పోర్ట్‌లోకి టార్చ్ కొట్టి చూడండి, జేబులోని నూలు పోగులు గట్టిపడి అడుగున కూర్చుని ఉంటాయి. కన్సోల్ ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో నెమ్మదిగా లాగేయండి. బ్యాటరీ తీసే వీలున్న పాత కన్సోల్స్‌లో రాగి కాంటాక్టులు మసకబారి ఉంటే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన ఇయర్ బడ్‌తో తుడిచి ఆరనివ్వండి.

శాతం లెక్కని సరిచేయడం

మూడో రకం ఫలితం వచ్చినవాళ్లు, లేదా కన్సోల్‌ని చాలాకాలం పక్కన పెట్టి మళ్లీ తీసినవాళ్లు ఇది చేయాలి. ఫుల్ ఛార్జ్ చేసి, ఫుల్ అయ్యాక ఇంకో రెండు మూడు గంటలు ఛార్జర్‌కే ఉంచండి. తీసేసి, తనంతట తాను ఆరిపోయేదాకా వాడండి. అరగంట ఆగి, మధ్యలో ఆపకుండా మళ్లీ ఫుల్ చేయండి. ఒక్కసారికి సరికాకపోతే ఇంకో రెండు సార్లు. అంతకు మించి వద్దు, పూర్తిగా ఖాళీ చేయడం బ్యాటరీకి మంచిది కాదు. చిప్‌కి పైకొస, కిందికొస ఎక్కడున్నాయో చూపించడానికే ఇది. పోయిన సామర్థ్యాన్ని ఇది తిరిగి తేలేదు. "నెలకోసారి పూర్తిగా ఖాళీ చేస్తే బ్యాటరీ బతుకుతుంది" అనే మాట పాతకాలం నికెల్ కాడ్మియం బ్యాటరీల నుంచి వచ్చింది. లిథియం అయాన్‌కి అది హానే.

ఏళ్లుగా వాడక పూర్తిగా ఖాళీ అయిపోయిన కన్సోల్ ఛార్జింగ్ పెట్టినా లైటు వెలగకపోతే వెంటనే ఆశ వదులుకోకండి. వోల్టేజ్ మరీ పడిపోయిన బ్యాటరీకి ముందు చాలా తక్కువ కరెంటు మాత్రమే వెళ్తుంది. దగ్గరే ఉండి గమనిస్తూ, అసలు ఛార్జర్‌తో ఒక గంట పెట్టి చూడండి. బ్యాటరీ దగ్గర వేడిగా అనిపిస్తే వెంటనే తీసేయండి. గంట తర్వాత కూడా చలనం లేకపోతే దాని పని అయిపోయింది. వేరే పరికరంతో బలవంతంగా లేపే చిట్కాలు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్లొద్దు. మరీ లోతుగా ఖాళీ అయిన సెల్‌లో రాగి కరిగి లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

మార్చాలా, వద్దా

నేను పెట్టుకున్న కొలబద్ద ఇది. కొత్తప్పటి సమయంలో ఎనభై శాతం వస్తుంటే ముట్టుకోను. అరవైకి ఎనభైకి మధ్య ఉంటే, మూత తీసి చేత్తో మార్చే బ్యాటరీ అయితే మారుస్తాను, జిగురు పెట్టి అంటించిందైతే ఇంకొన్నాళ్లు ఆగుతాను. అరవై కంటే తక్కువ వచ్చినా, ఛార్జ్ ఉండగానే ఆరిపోతున్నా మార్చాల్సిందే.

బ్యాటరీ కొనేటప్పుడు

అసలు కంపెనీ బ్యాటరీ, సీల్ తీయనిది, పదిహేనేళ్ల కిందటిది దొరికిందని సంబరపడేవాళ్లు చాలామంది ఉన్నారు. దాన్ని కొనొద్దని గట్టిగా చెప్తాను. లిథియం అయాన్ బ్యాటరీ వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. నెగటివ్ ఎలక్ట్రోడ్ మీద ఒక సన్నని పొర నిదానంగా మందమవుతూ, ఛార్జ్ మోయాల్సిన లిథియంని తనలో బంధించేస్తుంది. ఇది డబ్బాలో ఉన్నా ఆగదు. పీఎస్‌పీకో డీఎస్ లైట్‌కో అప్పట్లో తయారైన అసలు బ్యాటరీ కంటే, ఈమధ్య తయారైన మంచి థర్డ్ పార్టీ (వేరే కంపెనీ చేసిన) బ్యాటరీ చాలా నయం. బ్యాటరీ మీద పేరు కంటే ముందు తయారీ తేదీ చూడండి.

రెండోది, ఎంఏహెచ్ అంకె. అసలు సామర్థ్యాలు గుర్తుపెట్టుకోండి: డీఎస్ లైట్ 1000, 3డీఎస్ 1300, 3డీఎస్ ఎక్స్‌ఎల్ 1750, పీఎస్‌పీ మొదటి మోడల్ 1800, తర్వాతి 2000, 3000 మోడల్స్ 1200, పీఎస్ వీటా 2210, స్విచ్ లైట్ 3570. అదే సైజులో పది, పదిహేను శాతం ఎక్కువ రాసి ఉంటే నమ్మొచ్చు. అదే సైజు, అదే బరువు ఉండి రెట్టింపు రాసి ఉంటే ఆ అంకె అబద్ధం. పీఎస్‌పీ మొదటి మోడల్ బ్యాటరీ లావుగా ఉంటుంది, తర్వాతి మోడల్స్‌లో పెట్టాలంటే మూత కూడా మారాలి, ఆర్డర్ పెట్టే ముందు చూసుకోండి. స్విచ్ ప్రో కంట్రోలర్‌లో ఉండేదీ 3డీఎస్ బ్యాటరీయే, మోడల్ నంబర్ సీటీఆర్ 003. ఆ కంట్రోలర్ ఇంట్లో ఉంటే, దాని బ్యాటరీని 3డీఎస్‌లో పెట్టి పరీక్షించి చూడొచ్చు.

మార్చడం

పీఎస్‌పీకి టూల్ అక్కర్లేదు. గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ, డీఎస్ లైట్ మూతలకి ఒక్క స్క్రూ. 3డీఎస్‌కి వెనక మూత స్క్రూలు వదులు చేసి మూత ఎత్తితే బ్యాటరీ ఎదురుగా ఉంటుంది. మార్చాక కొన్ని కన్సోల్స్ తేదీ, టైమ్ మళ్లీ అడుగుతాయి. సేవ్‌లకి ఏమీ కాదు. (పాత గేమ్ బాయ్ కార్ట్రిడ్జ్‌ల లోపల సేవ్ కోసం వేరే బటన్ సెల్ ఉంటుంది, అది పోతే పోయేది సేవే. కానీ కన్సోల్ బ్యాటరీకీ దానికీ సంబంధం లేదు.)

స్విచ్ అలా కాదు. తొందర లేని రోజున, మంచి వెలుతురులో కూర్చోండి. మూడు రెక్కల వై00 స్క్రూడ్రైవర్, చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, పలచని ప్లాస్టిక్ కార్డులు, 90 శాతానికి పైనున్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కొత్త థర్మల్ పేస్ట్ (వేడిని ఒక భాగం నుంచి ఇంకో భాగానికి చేర్చే ముద్ద) దగ్గర పెట్టుకోండి.

ఛార్జ్ 25 శాతం కంటే తక్కువకి దిగేదాకా వాడండి. తక్కువ ఛార్జ్ ఉన్న బ్యాటరీకి పొరపాటున దెబ్బ తగిలినా ప్రమాదం తక్కువ. పవర్ బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టుకుని, స్లీప్ కాకుండా పూర్తిగా ఆఫ్ చేయండి. జాయ్‌కాన్‌లు (రెండు పక్కలా తగిలించే కంట్రోలర్లు), గేమ్ కార్డ్, మైక్రో ఎస్‌డీ కార్డ్ తీసేయండి. స్టీమ్ డెక్‌లో అయితే మైక్రో ఎస్‌డీ మర్చిపోయి మూత ఎత్తితే కార్డ్ విరుగుతుంది.

వెనక నాలుగు మూలల్లో మూడు రెక్కల స్క్రూలు. మిగతావి స్టార్‌వి: పైన ఒకటి, కింద ఛార్జింగ్ పోర్ట్‌కి అటూఇటూ రెండు, జాయ్‌కాన్ పట్టాల మధ్యలో ఒక్కొక్కటి, కిక్‌స్టాండ్ (వెనక మడత కాలు) కింద ఒకటి. స్క్రూడ్రైవర్‌ని బాగా అదిమి పట్టి నెమ్మదిగా తిప్పండి, ఈ స్క్రూల తలలు తేలిగ్గా అరిగిపోతాయి. తీసిన స్క్రూని ఎక్కడ తీశారో ఆ వరుసలోనే తెల్ల కాగితం మీద పెట్టుకోండి, వాటి పొడవులు వేరు.

వెనక మూత వచ్చాక మైక్రో ఎస్‌డీ రీడర్ బోర్డ్ స్క్రూ తీసి, బోర్డ్‌ని నిటారుగా పైకి ఎత్తండి. ఫ్యాన్ పైనున్న ఫోమ్ ముక్కని మెల్లగా ఊడదీసి, లోహపు రేకు స్క్రూలు తీయండి. రేకు ఎత్తేటప్పుడు జిగటగా పట్టుకున్నట్టు అనిపిస్తుంది. రేకుకీ వేడి మోసే గొట్టానికీ మధ్య ఉన్న థర్మల్ పేస్ట్ అది. భయపడకుండా నిదానంగా లాగండి. పాత పేస్ట్ తుడిచేసి, మూసేటప్పుడు సందుని నింపే చిక్కటి రకం కొత్తది పెట్టండి. ఈ ఒక్క పని మానేస్తే కన్సోల్ వేడెక్కి, కొత్త బ్యాటరీనీ పాడుచేస్తుంది.

ఇప్పుడు బ్యాటరీ కనెక్టర్. అందరూ కంగారు పడేది ఇక్కడే. వైరు పట్టుకుని లాగొద్దు. ప్లాస్టిక్ పరికరం కొసని ప్లగ్ అంచు కిందికి చేర్చి, ఒకవైపు కొద్దిగా, రెండోవైపు కొద్దిగా, నిటారుగా పైకి లేపండి. బోర్డ్‌కి అతికి ఉన్న సాకెట్ కదలకూడదు, ప్లగ్ మాత్రమే కదలాలి. అది ఊడాక ఇక కన్సోల్‌లో కరెంటు లేనట్టే.

బ్యాటరీ కింద గట్టి జిగురు ఉంటుంది. అంచుల్లో కొన్ని చుక్కల ఆల్కహాల్ వేసి రెండు నిమిషాలు ఆగండి. ప్లాస్టిక్ కార్డ్‌ని చదునుగా లోపలికి తోస్తూ పోండి, లోహపు పనిముట్టు వద్దు. బ్యాటరీ వంగుతోందనిపిస్తే ఆగి, ఇంకొంచెం ఆల్కహాల్ వేసి మళ్లీ మొదలుపెట్టండి. ఊడివచ్చిన బ్యాటరీ వంగి ఉంటే దాన్ని మళ్లీ వాడకూడదు. స్టీమ్ డెక్ మొదటి మోడల్‌లో జిగురు ఇంతకంటే మొండిది. మొదటిసారి చేసేవాళ్లు దానితో మొదలుపెట్టకపోవడం మంచిది.

కొత్తది అంటించే ముందు కనెక్టర్ మాత్రమే పెట్టి, కన్సోల్ ఆన్ అవుతుందో, ఛార్జ్ శాతం చూపిస్తుందో చూడండి. సరిగా ఉంటే మళ్లీ ఆఫ్ చేసి, కనెక్టర్ తీసి, పాత జిగురు తుడిచి, సన్నని డబుల్ సైడ్ టేప్‌తో అంటించి, వెనక్కి వచ్చిన దారిలోనే మూసేయండి. బిగించేటప్పుడు మూత ఎక్కడైనా పైకి లేచి ఉంటే స్క్రూతో అదమకండి, లోపల ఏదో అడ్డుందని అర్థం.

మార్చాక

లెక్క సరిచేసే పని ఒకసారి చేసి, గడియారం పరీక్ష మళ్లీ పెట్టి, పాత కాగితం పక్కన ఈ అంకెలు రాసి దాచుకోండి. రెండేళ్ల తర్వాత మళ్లీ అనుమానం వస్తే పోల్చుకోవడానికి అదే ఆధారం. మార్చినా సమయం పెరగలేదంటే కొన్న బ్యాటరీ నాసిరకం, లేదా కన్సోల్ తాగుడు సంగతి మీరు పూర్తిగా తేల్చలేదు.

కొత్త బ్యాటరీని ఎక్కువగా తినేసేవి రెండు: వేడి, ఎప్పుడూ నిండుగా ఉండే ఛార్జ్. రెండూ కలిస్తే ఇంకా దారుణం. ఎండ పడే కారులో వదిలేయకండి, దుప్పటి మీద పెట్టి ఛార్జ్ చేయకండి. ఎప్పుడూ డాక్‌లోనే (టీవీకి కలిపి, ఛార్జ్ కూడా చేసే స్టాండ్) పెట్టి ఆడేవాళ్లు ఛార్జ్ పరిమితి సెట్టింగ్ ఉంటే వాడుకోండి. స్విచ్ 2లో 90 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంది, స్టీమ్ డెక్‌లో 80కి పెట్టుకోవచ్చు. అలాంటి సెట్టింగ్ లేని కన్సోల్‌ని అప్పుడప్పుడు డాక్ నుంచి తీసి చేత్తో ఆడుతూ సగం దాకా దించండి. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేయడమూ మంచిది కాదు, కన్సోల్ గది వేడికి వచ్చేదాకా ఆగండి.

నెలల తరబడి పక్కన పెట్టాల్సి వస్తే సగం ఛార్జ్ దగ్గర పూర్తిగా ఆఫ్ చేసి, చల్లని పొడి చోట ఉంచండి. పీఎస్‌పీ లాంటి దానిలోంచి బ్యాటరీ బయటికి తీసి విడిగా దాచండి. ఆరు నెలలకి ఒకసారైనా ఛార్జ్ చేయమని నింటెండో చెబుతుంది. నేనైతే మూడు నెలలకోసారి తీసి చూడమంటాను. ఆ పూట వెనక వైపు కూడా ఒకసారి బల్ల మీద పెట్టి ఊగుతోందేమో చూడండి.